పర్వాలేదు అన్నాను

మంగళవారం

దువ్వెన ఎక్కడ పెట్టారని అడిగాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఏదీ గువ్వ?" అని చెట్టంతా వెతికారు.

నవ్వొచ్చింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కాసేపు ఊరికే నిలబడ్డాను.

"గట్టిగా చెబితే నీ సొమ్మేం పోతుందే? నోట్లో నోట్లో గొణుక్కుంటావు," అని బయట నుంచి కేకేశారు. రోజూ ఉన్న మాటే. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ "మా కోడలి మాట పక్కగదిలోకి వినపడదు" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పే ఇప్పుడు గొణుగుడు అయింది.

నాకు కోపం లేదు.

బుధవారం

అమ్మాయి ఫోను చేసింది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాత నగరానికి మా ఇద్దరికీ టూరు కట్టేసిందట. పెద్ద గుంపు కాదు, ఒక వ్యానులో పట్టే మనుషులు, వెంట ఒక గైడు. "నాన్న షాపు వదిలి రాడు, నువ్వు కుట్టుమిషను వదిలి రావు. ఇద్దరూ నోరుమూసుకుని బయల్దేరండి," అంది. దీని గొంతు ఎవరి పోలికో తెలియదు.

అక్కడ ఏమేం చూపిస్తారో ఫోనులో పంపింది. కోట, పాత సుంకం కచేరీ, ఓడల మ్యూజియం. అన్నిటికన్నా చివర, కొండకొమ్ము మీద ఓడవాళ్ళ మందిరం.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఆయన జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, వరండాలో ఇనప కుర్చీల మీద ఒక పెద్దావిడ నా పక్కన కూర్చునేది. ఆవిడది ఆ ఊరే. "మా కొండ మీద మందిరం ముందు ఒక రాతి బల్ల ఉందమ్మా. మగవాళ్ళు ఓడ ఎక్కి వెళ్తే, పెళ్ళాలు దాని మీద కూర్చుని సముద్రం వంక చూసేవాళ్ళు. కూర్చుని కూర్చుని రాయి గుంటలు పడిపోయింది. మనం ఇంకో వారం కూర్చున్నామంటే ఈ ఇనప కుర్చీ కూడా గుంటపడుతుంది," అంది. నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే మొక్కుకున్నాను. ఈయన లేచి నడిస్తే, ఇద్దరం వచ్చి ఆ రాయి మీద కూర్చుంటాం స్వామీ అని. ఇద్దరం అన్నాను. నేనొక్కదాన్నే వస్తానని అనలేదు.

లేచారు. నడిచారు. ఇచ్చిన మందు చెవుల్ని దెబ్బతీయొచ్చని డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. ఈయనకి వినపడలేదు. అప్పటికే.

నేను అడిగింది ప్రాణం. చెవుల సంగతి విడిగా అడగాలని నాకు తట్టలేదు.

దేవుడితో ఇలా మాట్లాడకూడదు. పై మాట కొట్టేయాలి. తర్వాత కొట్టేస్తాను.

రాత్రి అన్నం పెడుతూ చెప్పాను. "అక్కడ ఒక మందిరం ఉందండీ."

"మందులా? వేసుకున్నాను," అన్నారు.

గురువారం

మరిది వచ్చాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షాపు, మోటారు సైకిళ్ళు బాగుచేస్తారు. మావారు బండి స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని విని, ఏం పాడైందో విప్పకుండానే చెప్పేవారు. ఊరవతల నుంచి కూడా వచ్చేవాళ్ళు ఆ చెవి కోసం.

"వదినా, నిన్న ఒకాయన బండి వెనక్కి తెచ్చాడు. ఆ చప్పుడు అలాగే ఉందన్నాడు. అన్నయ్య ఏ చప్పుడూ లేదంటాడు. నాకు వినపడుతోంది, అతనికి వినపడుతోంది, రోడ్డు మీద పోయేవాడికి కూడా వినపడుతోంది. చెబితే నా మీద ఇంతెత్తున లేస్తున్నాడు."

"షాపులో గోల ఎక్కువ కదా బాబూ," అన్నాను.

మరిది నా వంక అదోలా చూశాడు. "ఆ నాలుగు రోజులూ షాపు నేను చూసుకుంటాలెండి," అన్నాడు. నాలుగు రోజుల తర్వాత కూడా తనే చూసుకుందామని అతని మనసులో ఉంది. చెడ్డవాడు కాదు. అయినా ఉంది.

శనివారం

చేరాం. గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. సముద్రం వాసన మాత్రం వస్తోంది.

ఆదివారం

గైడు పొడుగాటి మనిషి, చేతిలో మూసిన గొడుగు. దాన్ని పైకెత్తితే అందరూ ఆయన వెనక నడవాలి. ఏ చోటికి వెళ్ళినా "పది నిమిషాలు" అంటాడు. కోటకీ పది నిమిషాలే, కాఫీకీ పది నిమిషాలే. మందిరం ఎప్పుడని అడిగాను, మంగళవారం అన్నాడు.

అందరికీ తలా ఒక చిన్న డబ్బా మెడలో వేశాడు. దాని తీగ చివర చెవిలో పెట్టుకునే గుండీలాంటిది. గైడు మెడ దగ్గర మైకు ఉంటుంది. ఆయన ఎంత దూరంలో ఉండి మాట్లాడినా మన చెవిలోనే మాట్లాడినట్టు ఉంటుంది. వింత వస్తువు.

మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, విప్పి చూస్తారేమోనని భయపడ్డాను. చెవిలో పెట్టుకుని చిన్న చక్రం తిప్పుతూ పోయారు. ఇంకా తిప్పారు. అప్పుడు ఆయన ముఖం మారింది.

కోటలో గైడు ఏదో హాస్యం ఆడాడు. ఆయన నవ్వారు. అందరితోపాటు, అదే క్షణంలో నవ్వారు. పక్కవాళ్ళ ముఖాలు చూసి ఆలస్యంగా నవ్వే నవ్వు కాదు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. దేవుడికి దండం పెట్టుకున్నాను.

అంతలో ఆయన నా వైపు తిరిగి, "చూశావా? నా చెవులు బంగారంలా ఉన్నాయి. మాట్లాడేవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడితే ఎందుకు వినపడదు?" అన్నారు. అదీ అందరూ వినేంత గట్టిగా.

దండం పెట్టిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. దించేశాను.

మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. మా వ్యానులో కింద నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. ఈయన మెకానిక్కని తెలిసి డ్రైవరు సంతోషపడ్డాడు. "సార్, పొద్దున్నుంచీ ఈ చప్పుడేంటో అంతుపట్టడం లేదు. ఒక్కసారి వినండి సార్."

ఆయన దిగారు. పాతరోజుల్లోలాగే కళ్ళు మూసుకుని, తల ఒకవైపు వంచి నిలబడ్డారు. టకటకమంటూనే ఉంది. నా పక్కనావిడ మెడలో మూడు వరసల ముత్యాలు, నేను మనసులో ముత్యాలావిడ అనుకుంటాను, ఆవిడ కూడా "అదిగో, అదే" అంటోంది.

"ఏం లేదు. శుభ్రంగా ఉంది, పోనివ్వు," అన్నారు ఆయన.

డ్రైవరు ఈయన వంకా, వ్యాను వంకా చూశాడు. పెద్ద మెకానిక్కు చెప్పాడు కదా అని ఊరుకున్నాడు.

"గాలికి అయ్యుంటుందండీ," అన్నాను ముత్యాలావిడతో. ఆవిడకి వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది.

సోమవారం

పొద్దున ముఖం కడుక్కుంటుంటే చెప్పాను, రేపు మందిరం అని. వేసుకున్నాను అన్నారు.

సోమవారం, సాయంత్రం

వ్యాను మ్యూజియం దారిలో ఆగిపోయింది. నీడ లేని రోడ్డు, ఒక పక్క ఉప్పు మడులు, ఇంకో పక్క సముద్రం. ఇంకో వ్యాను వచ్చేదాకా మధ్యాహ్నమంతా అక్కడే. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటుంది, వాళ్ళు తప్ప అందరూ అందరి మీదా విసుక్కున్నారు.

డ్రైవరు కిందికి దూరి చూసి, మసి చేతులతో వచ్చాడు. "ఆ చప్పుడే సార్. నిన్ననే చూసుకుంటే ఇంత దూరం వచ్చేది కాదు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు పాపం.

ఆయన నా ముఖం చూశారు. ఆ మాట అర్థమైంది ఆయనకి, ఎదురుగా నిలబడి చెప్పాడు కాబట్టి. "నిన్న ఆ చప్పుడు లేదు. ఏమే, ఉందా?"

"లేదండీ," అన్నాను.

ముత్యాలావిడ నోరు తెరిచి, మూసుకుంది. వాళ్ళాయన బ్యాంకులో చేసి రిటైరయ్యాడట, "మెకానిక్కులందరూ ఇంతే," అన్నాడు. అది మావారికి వినపడలేదు. నాకు వినపడింది. ఇద్దరికీ కలిపి నేనొక్కదాన్నే వినాల్సివస్తోంది.

మ్యూజియం రేపటికి జరిపారు. రేపటివి ఎక్కడికి జరుపుతారో అడగాలనుకున్నాను. గైడు ఫోనులో ఉన్నాడు. తర్వాత అన్నం తింటున్నాడు. తర్వాత కనపడలేదు.

పర్వాలేదు. మందిరం ఎక్కడికి పోతుంది, కొండ మీదుంది.

మంగళవారం

రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

మ్యూజియం అయ్యేసరికి ఎండ దిగుతోంది. కొండకొమ్ము కింద వ్యాను ఆపారు. మెట్లు కనపడుతున్నాయి. పైన తెల్లటి గోడ, దాని ముందు నల్లగా ఏదో అడ్డంగా కనపడింది. అది బల్లే. నాకు తెలుసు, బల్లే.

గైడు ముందు సీటులో నుంచి వెనక్కి తిరిగాడు. "మందిరం పైనుందండీ. మెట్లు నిటారుగా ఉంటాయి, అన్నీ అరిగిపోయిన మెట్లు. నిన్న టైం పోయింది కాబట్టి ఇప్పుడు ఇదైనా చూడాలి, లేదంటే ముత్యాల షాపైనా చూడాలి. మందిరం ఎవరో అడిగారే... మీరే కదమ్మా? ఎక్కగలరా? కష్టం కదా?"

"పర్వాలేదండీ," అన్నాను.

కష్టమైనా పర్వాలేదు, ఎక్కుతాను అని. ఇంకేం అర్థం ఉంటుంది దానికి? చీర కొంగు నడుముకు దోపుకుంటున్నాను కూడా.

"అమ్మగారు పర్వాలేదన్నారు. అమ్మగారిది పెద్ద మనసు. డ్రైవరుగారూ, షాపుకి పోనివ్వండి!"

అది మైకులో అన్నాడు. అందరి చెవుల్లోనూ పడింది. వ్యాను కదిలింది. నేను "అది కాదండీ" అన్నాను. మళ్ళీ అన్నాను. కొత్త వ్యాను ఇంజను మోత బాగా గట్టిది. ముత్యాలావిడ నా చేయి పట్టుకుని, "ఎంత సర్దుకుపోయే మనిషండీ మీరు! ఏదడిగినా పర్వాలేదంటారు. మీకు పర్వాలేదమ్మ అని పేరు పెట్టేయాలి," అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, ఈసారి కాస్త ఆలస్యంగా.

షాపులో గంట కూర్చున్నాం. కుర్చీ మెత్తగా ఉంది. చల్లగాలి వస్తోంది. నాకు ఆ కుర్చీ మీద అసహ్యం పుట్టింది.

గదికి వచ్చాక చెప్పాను. తలుపు వేసి, ఆయన ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి చెప్పాను. "నాకు పైకి వెళ్ళాలని ఉందండీ. ఆ గైడు పొరపాటు పడ్డాడు."

"నువ్వే పర్వాలేదన్నావుగా. గైడు చెప్పాడు, నేను విన్నాను."

"నేను అన్నది అది కాదు."

"ఏది కాదు?"

"మందిరం."

"వేసుకున్నానే బాబూ! ఎన్నిసార్లు అడుగుతావు?" అని మాత్రల అట్ట తీసి చూపించారు. ఖాళీ అయిన గుంట మీద వేలు పెట్టి మరీ.

నేను మంచం మీద కూర్చున్నాను. గైడు అన్నది విన్నారట. నేను అన్నది కూడా గైడు చెబితేనే విన్నారట. ముప్పై ఏళ్ళ కాపురంలో నా మాట ఇంకొకళ్ళ నోటి నుంచి ఈయనకి చేరడం ఇదే మొదలు కాదేమో. నేనే గమనించలేదేమో.

ప్రార్థనకి కూర్చున్నాను. కుదరలేదు. పెదవులు కదులుతున్నాయి గానీ ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఇంత మెల్లగా అడిగేదాన్ని, ఆసుపత్రిలో అంత గోలలో ఆయనకి ఎలా వినపడిందో. పైన ఉన్నాయనకి, అంటున్నాను.

రేపు పొద్దున రేవు దగ్గర ఫోటోలు, మధ్యాహ్నం రైలు. అంతే.

నాకు కోపం లేదు అని రాద్దామనుకున్నాను. కలం ఆ మాట దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

బుధవారం

స్టేషనులో కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం రైలు దాకా ఇంకేం పని లేదు. జరిగింది జరిగినట్టు రాయాలి, ఇంటికెళ్ళాక నేనే నమ్మను.

రేవు గోడ పక్కన అందరం నిలబడ్డాం. గైడు వీడ్కోలు మాటలన్నీ చెప్పాడు. సముద్రం మీ గుండెల్లో ఉంటుంది వగైరా. మావారు ఆ మాటలు వింటూ పడవల వంక చూస్తున్నారు, తల ఊపుతున్నారు. ఆ గోడ మీద నుంచి కొండకొమ్ము మెట్లు తిన్నగా కనపడుతున్నాయి. నేను అటే చూస్తున్నాను.

"గ్రూపు తరపున ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడితే బాగుంటుంది," అన్నాడు గైడు.

బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనే మాట్లాడతాడని అందరికీ తెలుసు.

నేను చేయెత్తాను. బళ్ళో కూడా ఎప్పుడూ ఎత్తినదాన్ని కాదు.

"అమ్మగారా!" గైడుకి ఎక్కడలేని సంతోషం. మైకు విప్పి నా చీర అంచుకి తనే తగిలించబోయి, మొహమాటపడి చేతికిచ్చాడు. అది పట్టుకుంటే వెచ్చగా ఉంది.

"అందరికీ నమస్కారం," అన్నాను.

నా గొంతు నా చెవిలోకి వచ్చింది. బయట నుంచి రావడం ఎప్పుడూ వినలేదు. మెత్తగానే ఉంది. కానీ గొణుగుడు కాదు. ఏ మాటకి ఆ మాట విడిగా, కుట్టు పడినట్టు ఉంది. యాభై ఏళ్ళొచ్చాక తెలిసింది నాకు.

"గైడుగారూ, బాగా చూపించారు. నిన్న మెట్ల దగ్గర నేను పర్వాలేదన్నది, కష్టమైనా ఎక్కుతానని. వదిలేయమని కాదు. మీరు మళ్ళీ అడగనూ లేదు, నేను రెండోసారి గట్టిగా చెప్పనూ లేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాకు పర్వా ఉంది. చాలా ఉంది."

ఎవరూ నవ్వలేదు. గొడుగు కిందికి దిగింది.

"ఏమండీ," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. మొదట గైడు నోటి వంక చూశారు. అది మూసుకుని ఉంది. ముత్యాలావిడ వంక చూశారు. కొత్త పెళ్ళికూతురి వంక చూశారు. ఒక్కొక్కళ్ళ ముఖమూ వెతుక్కుంటూ చివరికి నా దగ్గరికి వచ్చారు.

"ఏమండీ, వారం నుంచి నేను చెబుతున్నది మందులు కాదు. మందిరం. మీకు జ్వరం వచ్చినప్పుడు మొక్కుకున్నాను, ఇద్దరం వస్తామని. అదిగో, ఆ పైన ఉంది. నేను గొణగడం లేదు."

"ఏంటే ఆ అరుపు!" అని అరిచారు ఆయన. "అందరూ వింటున్నారు!"

ముత్యాలావిడ పాపం మంచికే అంది. "అరుపేంటండీ? మాకు చెవిలో గుసగుసలాడినట్టు ఉంటేనూ."

ఆవిడ ఆయనకి దగ్గరగా, ముఖంలో ముఖం పెట్టి అంది. వినపడింది. ఆయన చెవిలో గుండీ తీశారు. డబ్బా మీద చక్రం చూశారు. ఇంక తిరగడానికి చోటు లేనంతగా తిరిగి ఉంది. నా మెడలో ఉన్న డబ్బా తీసుకుని దాని చక్రం చూశారు, అది సగం కూడా తిరిగి లేదు. మళ్ళీ తనది చూశారు. ఇంజను విప్పి లోపల చూసేటప్పుడు ఎలా చూస్తారో, అలా.

నా డబ్బా మళ్ళీ నా మెడలో వేశారు.

గైడుకి మైకు ఇచ్చేశాను. "అమ్మా, నాదే పొరపాటు. కానీ ఇప్పుడు పైకి వెళ్ళొచ్చేసరికి రైలు ఉండదమ్మా," అన్నాడు.

"పర్వాలేదు," అన్నాను. ఈసారి అందరికీ ఒకేలా అర్థమైంది.

సామాను స్టేషనులో దింపుతానని డ్రైవరు అన్నాడు. గైడు డబ్బాలు వెనక్కి తీసుకుంటున్నాడు. ఆయన దగ్గర చేయి చాచి నిలబడ్డాడు. ఆయన వెంటనే ఇవ్వలేదు. "సార్, అది ఇచ్చేయాలి సార్." తీగ చుట్టి, చక్కగా మడిచి, అప్పుడు ఇచ్చారు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. మెట్ల సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఎక్కినంతసేపూ సణిగారు. రైలు పోయింది, షాపులో తమ్ముడు ఏం చేస్తున్నాడో ఏమిటో, మోకాళ్ళు, ఎండ, నీకు ఉన్నట్టుండి ఈ పిచ్చేమిటి. నేను ముందు నడిచాను. సమాధానం చెప్పలేదు. చెబితే ఆగి, "ఏంటీ?" అంటారు, ఆగితే మళ్ళీ కదలరు.

మందిరం తలుపు మూసి ఉంది. మరమ్మతులని అట్ట కట్టారు. ఒక మనిషి నిచ్చెనెక్కి గోడకి సున్నం వేస్తున్నాడు.

నిలువునా నీరయ్యాను. వారం రోజులు, ఇన్ని మాటలు, పోయిన రైలు, మూసిన తలుపు. తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, నా మొక్కు తలుపుతో కాదు, రాతితో.

బల్ల నిజంగానే గుంటలు పడి ఉంది. కూర్చుంటే సరిగ్గా మనిషి కోసమే చేసినట్టుంది. ఆయన పక్క గుంటలో కూర్చున్నారు. ఎదురుగా అంతా నీళ్ళే. గాలి చెవులు పగలగొడుతోంది.

కాసేపటికి ఆయాసం తగ్గి, "ఇంతకీ ఏమని మొక్కుకున్నావు?" అన్నారు.

"మీ ప్రాణం," అన్నాను.

"ప్రయాణమా? దానికి మొక్కెందుకే? రైలు పోనే పోయింది."

అప్పుడు ఏమైందో తెలియదు నాకు. ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. "ప్రాణం!" అని అరిచాను. "ప్రయాణం కాదు, ప్రాణం! మీ ప్రాణం! మీరు చచ్చిపోతారన్నారు, బతికించమని అడిగాను! వినపడిందా?"

నిచ్చెన మీద మనిషి కుంచె వదిలేశాడు. అది టపీమని కింద పడింది. సున్నం మెట్ల మీదంతా చిందింది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా నేను మాట్లాడలేదు. నా మాట సముద్రం మీదికి వెళ్ళిపోవడం నాకే వినపడింది.

ఆయన నా చేయి చొక్కా మీద నుంచి తీయలేదు.

సముద్రం వంక చూస్తూనే అడిగారు. "వ్యానులో ఆ చప్పుడు నీకు వినపడిందా?"

తల ఊపాను.

"మొదటి రోజు నుంచీనా?"

ఊపాను.

"తమ్ముడు చెప్పే బండ్ల చప్పుళ్ళు కూడా... ఉన్నవేనా?"

ఊపకుండా ఉండాలనుకున్నాను. ఊపాను.

ఆయన రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, వేళ్ళ మసి గోళ్ళతో గీకుతూ కూర్చున్నారు. ఆ మసి ఎప్పటిదో, ఎంత కడిగినా పోదు. సున్నం మనిషి కిందికి దిగి కుంచె తీసుకుని మళ్ళీ పైకెక్కాడు. అప్పుడన్నారు.

"అడిగేదానివి, పనిలో పనిగా చెవులు కూడా అడగాల్సింది కదే."

నేను దానికి ఏం చేశానో ఇక్కడ రాయను. నిచ్చెన మీదతను మాత్రం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

గురువారం

రాత్రి పొద్దుపోయాక ఇంటికి చేరాం. రైల్లో దారంతా, టికెట్లు వృథా అయ్యాయని మళ్ళీ సణిగారు. నాకు కోపం వచ్చింది. వచ్చింది అనే రాస్తున్నాను.

పొద్దున లేచేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట లేదు. ఆయన మాత్రల అట్టా నీళ్ళ గ్లాసూ తెచ్చుకుని నా ఎదుటే వేసుకుని, ఖాళీ గుంట చూపించి, "మందిరం," అన్నారు.

అంతలో మరిది ఫోను చేశాడు, షాపు నుంచి. ఆయన తీసి చెవికి గట్టిగా ఆనించుకుని, ఇటు మార్చి, అటు మార్చి విన్నారు. ఇలాంటప్పుడు ఏమంటారో నాకు తెలుసు. గొణగకురా అంటారు.

"ఒరేయ్, నాకు వినపడటం లేదురా," అన్నారు. "ఫోను కాదు, నాకే. వచ్చాక మాట్లాడుకుందాం. ఉండు, మీ వదినకిస్తాను."

ఫోను నా చేతిలో పెట్టారు.

నేను నోరు తెరిచాను. అటు నుంచి మరిది, "వదినా? వదినా! కాస్త గట్టిగా మాట్లాడండి వదినా, ఏం వినపడటం లేదు," అంటున్నాడు.